మూడుంపావు
(మన సంఘపు మాసిక గోష్ఠియందు చేసిన ప్రసంగపాఠము)



ఈ గోష్ఠిలో శతకములను గూర్చియో, త్యాగరాజస్వామివారిని గూర్చియో మాటలాడుట వాడుక. నేడు మేము రాక్ సంగీతమును గూర్చి ప్రసంగింతుమని కార్యదర్శిగారు చెప్పగానే వెనుక వరుసలో నవ్వు వినవచ్చినది. ఆ నవ్వు న్యాయమైనదే. 2019కి పూర్వము మరెవరైన ఈ విషయము నెత్తుకొనియున్నచో మేమును అట్లే నవ్వియుందుము.

మా మనుమడు తెలుగు మాటలాడును గాని చదువలేడు. మీలో పలువురి ఇండ్లలోను ఇదే కథ కావున దీనిని విస్తరింప నవసరము లేదు. వాడు అహోరాత్రములు చెవులకు తగిలించుకొని వినునది ఆంగ్ల సంగీతము. ఒకనాడు విసుగు పుట్టి, "ఆ పాటలలో మన ఊరిది ఒక్క మాటయైన ఉన్నదా?" అని అడిగితిమి. వాడు కోపగింపలేదు. "ఉంది తాతా. శనివారం నువ్వే వచ్చి విను. అవ్వని కూడా తీసుకురా" అనెను.

వాడు మమ్ము తీసికొనిపోయినది ఇందిరానగరమున మేడమీదనున్న ఒక చిన్న క్లబ్బునకు. మన హాలులో సగము కూడ లేదు. రాక్ కచేరీ యనగా ప్యాలెస్ మైదానమే మా మనస్సున మెదలెడిది. 2003లో రోలింగ్ స్టోన్సువారును, 2007లో ఐరన్ మెయిడెన్‌వారును వచ్చి అచ్చట వాయించినప్పుడు జనసమ్మర్దమును గూర్చి పత్రికలలో చదివియుంటిమి. ఇచ్చట వేదిక మా కుర్చీలకు నాలుగు బారల దూరములో నున్నది. గిటారు తంతులపై వేళ్ళు కదలుటయు, డ్రమ్ములు వాయించువారు పాటకు పాటకు నడుమ తువాలుతో మెడ తుడుచుకొనుటయు స్పష్టముగా కనబడెను. మా ఇంటివారు ముందుచూపుతో దూది తెచ్చియుండిరి. మొదటి పాటకు ఇద్దరమును చెవులలో పెట్టుకొంటిమి. మూడవ పాటకు ఆమె తీసివేసెను. "శబ్దము ఎక్కువే గాని తాళము తప్పుట లేదు" అని ఆమె తీర్పు. చిన్ననాట వీణ నేర్చిన మనిషి గనుక మేమెదురాడలేదు.

బృందము పేరు 'థర్మల్ అండ్ ఎ క్వార్టర్'. జ్వరమాని సంబంధమైన పేరని మేము తలచితిమి. మనుమడు నవ్వి అసలు సంగతి చెప్పెను. 1996లో ఈ నగరముననే ఏర్పడిన బృందమది. తొలినాటి నలుగురిలో మువ్వురు మలయాళీలు, నాల్గవవారు పావువంతు మలయాళీ యట. పిల్లల భాషలో మలయాళీ యనగా 'మల్లు'. మూడుంపావు మల్లులను లెక్కనే ఆంగ్లమున శబ్దచమత్కారముగా మలచి పేరు పెట్టుకొనిరి. ఆ నలుగురిలో బ్రూస్ లీ మణిగారు పాడుచు గిటారు వాయింతురు. రాజీవ్ రాజగోపాల్‌గారు డ్రమ్ములు. నాటినుండి బృందమును నిలిపినవారు వీరిద్దరు. తక్కిన వాద్యగాండ్రు కొందరు వచ్చిరి, కొందరు పోయిరి. పరుల ప్రసిద్ధ గీతములు పాడి చప్పట్లు కొట్టించుకొనుట ఈ రంగమున సులభమార్గము. వీరు స్వంత రచనలనే నమ్ముకొనిరి. సంగీతపాఠశాల యొకటి స్థాపించి పిల్లలకు నేర్పుచు కూడ వచ్చిరి.

ఇక మా ప్రశ్నకు సమాధానము. వారు 'మీటర్ మేలె వన్ అండ్ ఎ హాఫ్' అను పాట ఎత్తుకొనిరి. మీటరుపై ఒకటిన్నర రెట్లు ఇమ్మని మన ఆటోవారడుగు మాటయే అది. కన్నడమును ఆంగ్లమును కలిపి వారెట్లడుగుదురో అట్లే! మెజెస్టిక్ నుండి ఎన్నిమారులు ఆ మాట విని, బేరమాడి, ఓడిపోయి ఎక్కితిమో! ఆటోను గూర్చియే మూడు డిస్కుల సంపుటము చేసిరని మనుమడు చెవిలో చెప్పెను. మేము గట్టిగా నవ్వితిమి. చుట్టునున్న పిల్లలు తిరిగి చూచి వారును నవ్విరి.

అప్పుడు మాకు చామరాజపేట కోట హైస్కూలు మైదానము జ్ఞప్తికి వచ్చినది. శ్రీ రామసేవా మండలివారు 1939 నుండి నడపుచు వచ్చిన శ్రీరామనవమి కచేరీలను మనమందరము ఎరుగుదుము. త్యాగరాజకృతి పాడుచుండగా ప్రక్కన కూర్చున్న కన్నడ ముసలమ్మ, తెలుగు ఒక్క ముక్క తెలియకయే తలయూపి కన్నీరు తుడుచుకొనుట చూచియున్నాము. అట్టివేళ 'ఇది మా భాష సుమా' యని మనము కొంచెము నిటారుగా కూర్చుందుము. ఆ రాత్రి ఇందిరానగరములో మేమే ఆ ముసలమ్మ స్థానమున నుంటిమి. సంగీతమెవరిదో, పదములేవో సగము తెలియదు. కాలు మాత్రము తాళము వేయుచున్నది. ముక్కు మొగము తెలియని ఒక అమ్మాయి లేచి మా ఇంటివారికి వెన్నాను బల్ల ఇచ్చి తాను నిలుచుండెను.

తిరిగివచ్చుచు ఆటోలో మా ఇంటివారు, "వాళ్ళు మూడుంపావైతే, మనము ఎంత?" అనిరి. తాతలనాడు అనంతపురము దిక్కునుండి వచ్చిన కుటుంబము మాది. అంగడిలెక్క కన్నడములో, కూరగాయల బేరము తమిళములో, కొలువు ఆంగ్లములో. తెలుగు వంటయింటిలోను, పెండ్లిపత్రికలోను. ముప్పావు తెలుగువారమని మేమంటిమి. "వీడో?" అని ఆమె మనుమని చూపెను. వాడు, "వీసమేనేమో అంటావు కదా తాతా!" యనెను. ఆ మాట వానికెట్లు తెలిసినదని ఆశ్చర్యపడితిమి. మా నాయనగారి పాతలెక్కల పుస్తకమును వానికొకమారు చూపి, పదునారవ వంతును వీసమందురని మేమే చెప్పియుంటిమట. మాకు జ్ఞాపకము లేదు. వాడు మరువలేదు. ఆ పుస్తకమును ఇప్పుడైన చదువ నేర్చుకొందువా యని అడిగితిమి. "నువ్వు ఇంకో కచేరీకి వస్తే" అనెను. ఆ ఒప్పందము నేటికిని నడచుచున్నది. గుణింతములు ముగిసినవి, ఒత్తులవద్ద తగవులాడుచున్నాము.

కార్యవర్గమువారికి మాదొక విన్నపము. మన హాలు మాసమునకు మూడు శనివారములు తాళము వేసియుండును. అందొక శనివారమును మన పిల్లలకిచ్చి, వారికి తోచిన వాద్యములతో, తోచిన భాషలో వాయింపనిండు. మనము ముందు వరుసలలో కూర్చుందము. దూది మేము తెచ్చెదము.