గోడమీది పట్టిక
(పాఠశాల క్రీడోత్సవ సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



బహుమతులు పంచుటకు ముందు మా తప్పిదమొకటి మీ యెదుట ఒప్పుకొనవలసి యున్నది.

గడచిన కార్తీక మాసమున, హాకీ లీగు పోటీలు సగము జరిగిన పిదప, జట్ల వరుసను పట్టికగా వ్రాసి పాఠశాల గోడకు తగిలించితిమి. అందు మొదట నిలిచిన దళమును కోవిల్పట్టికి స్నేహపూర్వకమైన ఆటకు పంపుదుమని ముందే చెప్పియుంటిమి. మరునాడు ఎర్ర దళమునకు చెందిన బాలుని తండ్రి వచ్చి, "అయ్యా, మావాళ్లు ఒక్క ఆటయే ఓడినారు. రెండు ఓడిన నీలి దళము పైన ఎట్లుండును?" అని యడిగిరి. హాకీకి పేరుపొందిన కోవిల్పట్టి ప్రక్కనే యున్నవారము. ఈ ఆట విషయమున ఇచ్చటి తల్లిదండ్రులను ఏమార్చుట మా తరము కాదు!

మన లీగులో ఐదు దళములు. ఒక్కొక్కటి ఎనిమిది ఆటలాడవలెను. నీలి దళము అప్పటికి ఆరు ఆడి నాలుగు గెలిచినది. గెలుపునకు రెండు పాయింట్ల చొప్పున 8. ఎర్ర దళము నాలుగే ఆడి మూడు గెలిచినది, 6 పాయింట్లు. వారి రెండు ఆటలు వానవలన వాయిదా పడినవి. మన నల్లరేగడి నేల తడిసినచో కాలు పెట్టిన చోటనే కాలుండును, బంతి మాట చెప్పనేల?

మొత్తము చూచిన నీలి దళమే ముందు. ఆడిన ఆటలలో గెలిచిన శాతము చూచిన ఎర్ర దళమునకు 75, నీలి దళమునకు 67కు లోపు. అమెరికా బేస్‌బాలులో మరియొక లెక్క కలదు: రెండు జట్ల గెలుపుల తేడాను, ఓటముల తేడాను కూడి సగము చేయుదురు. ఆ లెక్కకు నీలివారి ఒక అధిక విజయము, వారి ఒక అధిక పరాజయముతో చెల్లిపోయి, ఇరువురును సమానులైరి. ఒకే గోడకు మూడు తీర్పులు!

ఈ చిక్కు పెద్దలకును తప్పలేదు. ప్రపంచ టెస్టు ఛాంపియన్‌షిప్పులో 2020 నవంబరు నాటికి భారత జట్టు నాలుగు సిరీసులలో 480కి 360 పాయింట్లు, ఆస్ట్రేలియా మూడు సిరీసులలో 360కి 296 పాయింట్లు గడించినవి. కోవిడ్ వలన సిరీసులన్నియు జరుగవని తేలగా ఐసీసీ శాతమును ప్రమాణముగా గైకొనెను. ఆస్ట్రేలియాకు 82, మనకు 75. మనవారు రెండవ స్థానమునకు దిగిరి. ఆనాడు మాకును కోపము వచ్చినమాట నిజము. ఇప్పుడు ఆలోచింపగా అదియే న్యాయమని తోచుచున్నది. పిమ్మట మనవారు అదే శాతపు లెక్కలో అగ్రస్థానమున నిలిచి 2021 జూనులో తుదిపోరాటమునకు చేరిరి.

అయినను శాతమును గ్రుడ్డిగా నమ్మరాదు. ఒక్క ఆటాడి గెలిచినవానికి నూటికి నూరు! కావున సగము ఆటలైనను ఆడనివారికి వరుస సంఖ్య ఈయరాదు. ఎవరితో ఆడిరి, ఎవరితో ఆడవలసియున్నది అనునదియు ప్రక్కన వ్రాయవలెను. నడుమ పట్టిక నడుమదే: 2024 ఐపీఎల్‌లో బెంగళూరు జట్టు మొదటి ఎనిమిది ఆటలలో ఒక్కటే గెలిచి, తరువాతి ఆరును వరుసగా గెలిచెను. మే 18న చెన్నైతో సమానముగా 14 పాయింట్లు పొంది, నెట్ రన్ రేటుతో ముందునకు పోయెను. చెన్నై అభిమానులు పలువురున్న సభలో ఇంతకుమించి చెప్పుట మర్యాద కాదు.

ఆ తండ్రి వెడలిన పిదప మేము అర్ధసంవత్సర పరీక్షల ర్యాంకుల పట్టికను తెరచి చూచితిమి. జ్వరముతో రెండు పరీక్షలు వ్రాయలేని బాలిక, మొత్తము మార్కుల లెక్కన, తరగతిలో కడపట నున్నది. వ్రాసిన పరీక్షల సగటున ఆమెది నాలుగవ స్థానము. ఆ కాగితము ఆమె యింటికి చేరి అప్పటికి వారమైనది. మేమే వారి యింటికి పోయి దిద్దిన కాగితమిచ్చి వచ్చితిమి. ఈ యేటి నుండి నడుమ పరీక్షలకు ర్యాంకు వ్రాయము. వ్రాసిన పరీక్షల సంఖ్యయు, సగటును మాత్రమే తెలుపుదుము.

కోవిల్పట్టికి నీలి దళమునుండి ఆరుగురిని, ఎర్ర దళమునుండి ఐదుగురిని పంపితిమి. ఆట 2–2తో ముగిసినది. రెండు గోల్సు ఎవరు చేసిరో ఆ బాలురనే పిలిచి అడుగుడు. వారు చెప్పుటకు సిద్ధముగా నున్నారు.