కుర్చీ ఎక్కించడం సరే, దించడం ఎలా?

మొన్న మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో చిన్న గొడవ జరిగింది. మా బాబాయ్ సౌదీలో, రియాద్‌లో డ్రైవర్. అన్నయ్య డల్లాస్‌లో హెచ్‌-1బి మీద ఉన్నాడు. నేనేమో హైదరాబాద్‌లో. బాబాయ్ అన్నాడు, "ఇక్కడ రాజు ఒక్క మాట చెప్తే పని అయిపోద్ది రా, మన దగ్గర అంతా వాదనలే" అని. అన్నయ్య మాత్రం అమెరికా సిస్టమే బెస్ట్ అన్నాడు. అప్పుడు నాకు ఈ టాపిక్ తట్టింది.

రాచరికం, నియంతృత్వం, ప్రజాస్వామ్యం అని సోషల్ బుక్‌లో బట్టీ పట్టాం, పరీక్ష అయ్యాక మర్చిపోయాం. పేర్లు చూస్తే మోసపోతాం కూడా. బ్రిటన్‌లో రాజు ఉన్నాడు, కానీ అది ప్రజాస్వామ్యం. ఉత్తర కొరియా అధికారిక పేరులోనే "ప్రజాస్వామ్య" అనే మాట ఉంది, కానీ 1948 నుంచి తాత, తండ్రి, కొడుకు చేతుల్లోనే ఉంది. అందుకే పేరు పక్కన పెట్టి ఒక్క ప్రశ్న అడుగుదాం. పైన కూర్చున్న మనిషి నచ్చకపోతే, గొడవ లేకుండా దించే దారి ఉందా?

ముందు సౌదీ. అక్కడ రాజకీయ పార్టీలు లేవు, రాజుని ఎన్నుకోవడమూ లేదు. 1964లో సౌద్ రాజుని దించేసి ఆయన తమ్ముడు ఫైసల్‌ని రాజుని చేశారు. చేసిందెవరు? రాజకుటుంబం, మతపెద్దలు. ప్రజల్ని ఎవరూ అడగలేదు. బాబాయ్ చెప్పిన స్పీడ్ నిజమే. కానీ ఆ ఒక్క మాట తప్పయితే, అంతే స్పీడ్‌గా తప్పు జరుగుద్ది.

తర్వాత అమెరికా. ప్రెసిడెంట్‌కి నాలుగేళ్లు గ్యారంటీ. అమెరికా కాంగ్రెస్‌లో మెజారిటీ పోయినా కుర్చీ పోదు. దించాలంటే ఇంపీచ్‌మెంట్ దారి ఉంది. దానికి సెనేట్‌లో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. ఇప్పటిదాకా ముగ్గురు ప్రెసిడెంట్లని కింది సభ ఇంపీచ్ చేసింది, అందులో ట్రంప్‌ని రెండుసార్లు. సెనేట్ ఒక్కరిని కూడా దించలేదు. నిక్సన్ ఉన్నాడు కదా అంటారేమో, ఆయన 1974లో అంతదాకా రాకుండానే రాజీనామా చేశాడు.

మన దగ్గర పూర్తిగా వేరు. ప్రధానికి లోక్‌సభలో మెజారిటీ ఉన్నంతకాలమే కుర్చీ. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వానికి అనుకూలంగా 269, వ్యతిరేకంగా 270 ఓట్లు పడ్డాయి. ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది! ఎక్కడా తుపాకీ పేలలేదు, ఆయన హుందాగా తప్పుకున్నారు. కొన్ని నెలల తర్వాత ఎన్నికల్లో గెలిచి మళ్లీ వచ్చారు.

దీనికీ ఒక మైనస్ ఉంది. 1996, 1998, 1999... మూడున్నరేళ్లలో మూడు లోక్‌సభ ఎన్నికలు. ఈ బగ్‌కి జర్మనీ వాళ్లు మంచి ఫిక్స్ రాశారు. వాళ్ల రాజ్యాంగం ప్రకారం, కొత్త ఛాన్సలర్‌ని మెజారిటీతో ఎన్నుకుంటేనే పాత ఛాన్సలర్‌ని అవిశ్వాసంతో తీసేయగలరు. అంటే రీప్లేస్‌మెంట్ రెడీగా లేకుండా పాత సర్వర్ ఆపనివ్వరు. 1982లో ష్మిట్ పోయి కోల్ వచ్చింది ఇలాగే.

అయితే ఏది బెస్ట్? ప్రతి దాంట్లో ఏదో ఒక లోటు ఉంది. కానీ తప్పుని దిద్దుకునే దారి ఉన్న సిస్టమ్‌కీ, లేని సిస్టమ్‌కీ తేడా చాలా పెద్దది.

ఇప్పుడు ఒక నిజం చెప్పాలి. 2024 మే 13, సోమవారం, మనకి లోక్‌సభ పోలింగ్. శని, ఆదివారాలు కలిసొచ్చాయని ఫ్రెండ్స్‌తో గోవా వెళ్లిపోయాను. ఓటు వేయలేదు. గ్రూప్‌లో నేను ప్రజాస్వామ్యం గురించి పెద్ద మెసేజ్ పెడితే, బాబాయ్ ఒక్కటే అడిగాడు: "సరే రా, మరి నువ్వు వేశావా?" నా దగ్గర జవాబు లేదు. ఆయనకి అక్కడ ఓటు లేదు, అన్నయ్యకి అమెరికాలో లేదు. ఇక్కడ వేయాలంటే విమానం ఎక్కి రావాలి. నాకు మాత్రం పోలింగ్ బూత్ నడిచి వెళ్లేంత దూరం.

1999లో తేడా తెచ్చిన ఆ ఒక్క ఓటు ఒక ఎంపీది, నిజమే. కానీ ఎంపీలని అక్కడికి పంపింది మనలాంటి వాళ్లే. ఈసారి నేను గోవా టికెట్ బుక్ చేసే ముందు పోలింగ్ డేట్ చూస్తాను.

మీరు ఓటర్ లిస్ట్‌లో పేరు చెక్ చేసుకున్నారా? కామెంట్స్‌లో చెప్పండి.