గోరింటాకు పెట్టి పంపే సైనికుడు
సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం



"పరాయి చోట మన సంస్కృతిని నలుగురితో ఎలా పంచుకోవాలి" అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. నేను మనవాళ్ళతో కాకుండా టర్కీ వాళ్ళతో మొదలుపెడతాను. ఆ పేరు వినగానే కొందరికి నచ్చదని నాకు తెలుసు. 2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్ జరుగుతున్నప్పుడు టర్కీ పాకిస్తాన్ పక్షాన నిలబడింది. మన మీదికి వచ్చిన డ్రోన్ల శకలాలను బట్టి అవి టర్కీ తయారీవని ప్రాథమిక నివేదికలు సూచిస్తున్నట్టు మన సైన్యమే ప్రకటించింది. ఆ కోపం న్యాయమైనదే. దాన్ని దాటవేయను, మళ్ళీ అక్కడికే వస్తాను.

నేను చెప్పబోయేది అంతకు మూడు నెలల ముందు మాట. మా అబ్బాయి ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో ఉంటాడు. అక్కడ ఏటా ఫిబ్రవరిలో మూడు రోజులు అన్ని దేశాల సంస్కృతుల పండుగ జరుగుతుంది. ఊరి నడిమధ్య వీధులు మూసేసి స్టాళ్ళు వేస్తారు. మన తిరునాళ్ళ సందడే అనుకోండి. టర్కీ వారి స్టాలు దగ్గర జనం బారులు తీరి ఉన్నారు. పలచగా వత్తిన రొట్టెలో పాలకూర, జున్ను పెట్టి మడిచి పెనం మీద కాలుస్తున్నారు. దాన్ని గోజ్‌లెమె అంటారు. నడుము సన్నగా ఉండే గాజు గ్లాసుల్లో పాలు లేని టీ ఇస్తున్నారు.

తిండి కోసం వెళ్ళిన నన్ను నిలబెట్టింది తిండి కాదు. లోపలికి రాగానే ఒక ముసలమ్మ నా చేతుల్లో నిమ్మ వాసన వేసే అత్తరు నీళ్ళు పోసింది. దాన్ని కొలోన్యా అంటారు. ఇంటికొచ్చిన అతిథికి అది వాళ్ళ మర్యాద. మన పెళ్ళిళ్ళలో పన్నీరు చల్లినట్టే. గుమ్మానికి నీలం రంగు గాజు పూస వేలాడుతోంది, దిష్టి తగలకుండా. వేదిక మీద జుర్నా, దావుల్ మోగుతున్నాయి. ఒకటి మన సన్నాయికి తోబుట్టువు, ఇంకొకటి డోలుకి. ఫౌజీ చెవికి ఇంకో సంగతి కూడా తగిలింది. వాళ్ళ భాషలో ఫిరంగిని తోప్ అంటారు, తుపాకీని తుఫెక్ అంటారు, సైన్యాన్ని ఓర్దూ అంటారు. మన తోప్‌ఖానా, మన తుపాకి, మన ఉర్దూ అన్న పేరు ఏ దారి నుంచి వచ్చాయో అక్కడ నిలబడితే తెలుస్తుంది.

ఒక మూల ఫోటోలు పెట్టారు. అందులో ఒక కుర్రవాడి అరచేతిలో గోరింటాకు. పెళ్ళికొడుకా అని అడిగాను. స్టాలు చూసుకుంటున్న పెద్దాయన కాదన్నాడు. టర్కీలో మగపిల్లలకు సైనిక సేవ తప్పనిసరి. కుర్రవాణ్ణి సైన్యానికి పంపేటప్పుడు చేతికి గోరింటాకు పెట్టి, డోలు, సన్నాయి మోగిస్తూ సాగనంపుతారట. "గోరింటాకు ముగ్గురికే పెడతాం అయ్యా. పెళ్ళికూతురు ఇంటికి అంకితం, బలి ఇచ్చే పొట్టేలు దేవుడికి అంకితం, సైనికుడు దేశానికి అంకితం" అన్నాడు. ప్రయాణమయ్యే వాళ్ళ వెనకాల నీళ్ళు కూడా పోస్తారట, నీళ్ళలా సాఫీగా వెళ్ళి సాఫీగా తిరిగి రావాలని. మా అమ్మ రైల్వే స్టేషన్‌లో నా నుదుట పెట్టిన బొట్టు గుర్తొచ్చింది. ఇక్కడున్న ప్రతివాళ్ళకీ అలాంటిదేదో ఒకటి ఉంటుంది.

నేను భారత సైన్యంలో చేశానని చెప్పగానే ఆయన నా చెయ్యి వదల్లేదు. "ఇస్కెందరూన్" అన్నాడు. 2023 ఫిబ్రవరి 6 భూకంపం తరువాత మన 60 పారా ఫీల్డ్ హాస్పిటల్ 99 మందితో వెళ్ళి గుడారాలు వేసిన ఊరు అది. ఆ ఆపరేషన్‌కి మన ప్రభుత్వం పెట్టిన పేరు దోస్త్. ఆ మాట వాళ్ళకీ దోస్తే. నేనూ ఊరికే ఉండలేదు. హైదరాబాద్‌లో నిలౌఫర్ ఆసుపత్రి ఉందనీ, ఆ పేరు 1931లో నిజాం రెండో కుమారుడికి భార్యగా వచ్చిన ఒట్టోమన్ రాజకుటుంబపు ఆడపడుచుదనీ చెప్పాను. ఆయనకి అది కొత్త సంగతి. కాఫీ ఇచ్చి వాళ్ళ సామెత చెప్పాడు: ఒక కప్పు కాఫీకి నలభై ఏళ్ళ గుర్తు.

ఆ పండుగ జరిగే చోటికి దగ్గరలోనే ఆంజాక్ పరేడ్ అనే వీధి ఉంది, ఆస్ట్రేలియా వారి యుద్ధ స్మారకాల వీధి. అందులో ముస్తఫా కెమాల్ అతాతుర్క్ స్మారకం కూడా ఉంది. 1915లో గల్లిపోలిలో ఆస్ట్రేలియన్ల మీద సేనలు నడిపిన శత్రువు ఆయన. ఆ యుద్ధంలో మనవాళ్ళూ సుమారు 15 వేల మంది ఉన్నారు. ఏప్రిల్ 25న ఆంజాక్ సేనలు దిగిన రోజే మన మౌంటెన్ బ్యాటరీ తోపులూ దిగాయి. జూన్ 4న ఒక్క రోజులో 14వ సిక్కుల పటాలం చాలావరకు నేలకొరిగింది. ఆస్ట్రేలియా ఆ స్మారకం కట్టింది 1985లో, అంటే 70 ఏళ్ళకి. తమ వీరుల పేర్లలో ఒక్కటీ చెరపకుండానే కట్టింది. 1967 ఒప్పందం ప్రకారం టర్కీ నుంచి వలస వచ్చినవాళ్ళు ఆ దేశంలోనే ఇళ్ళు కట్టుకున్నారు.

ఇప్పుడు మే నెల సంగతి. డ్రోన్ వస్తే కూల్చవలసిందే, అందులో రెండో మాట లేదు. దేశాల విధానాలు ప్రభుత్వాలు తేల్చుకుంటాయి, మన డ్యూటీ మనం చేస్తాం. కానీ ఆ పెద్దాయన చేతిలో పోసిన కాఫీ డ్రోన్ చెయ్యలేదు. ఎదుటివాడి ఇంట్లో కూడా ఒక తల్లి నీళ్ళు పోసి సాగనంపుతుందని తెలిసిన సైనికుడు బలహీనుడవడు. గురి తప్పడు, ద్వేషంతో మాత్రం తూలడు. మన ఫీల్డ్ హాస్పిటల్ వాళ్ళు చూపించింది అదే.

చివరిగా మన సంఘానికి ఒక మనవి. కంటోన్మెంట్ మేళాలో మనం ఏటా పెట్టే స్టాలులో పులిహోర, గారెలు బాగానే అమ్ముడుపోతాయి. వాటి పక్కన మన సాగనంపే ఆచారాలు కూడా పెట్టండి. హారతి పళ్ళెం, నుదుట బొట్టు, "వెళ్తున్నా" అనకుండా "వెళ్ళొస్తా" అనే మన మాట. పక్క రెజిమెంటు పంజాబీ అబ్బాయి, నాగా అమ్మాయి వాటిని చూసి వాళ్ళ ఇంటి సంగతి చెబుతారు. సంస్కృతి పంచుకోవడమంటే అదే. రుచి చూపించి ఊరుకోవడం కాదు, ఎదుటివాళ్ళ చేత నోరు విప్పించడం.

 జై హింద్!