ఎండ లెక్క: గ్రామ వాతావరణ కేంద్రములో వ్రాత, దిద్దుబాటు



రోహిణీ కార్తెలో రోళ్లు పగులునని పెద్దల మాట. ఆ మాటవలన ఎండ తీవ్రత తెలియును గాని, ఈ యేటి ఎండ తాతలనాటి ఎండకన్న ఎక్కువో తక్కువో తెలియదు. రచ్చబండమీద ఒకరు పూర్వము ఇంత ఎండలు లేవందురు. వేరొకరు అప్పుడును ఇట్లే మాడెననుదురు. ఇద్దరును తాము పలుకునది సత్యమనియే నమ్ముదురు. ఈ వాదమును తీర్చగలది జ్ఞాపకము కాదు. దినదినము తప్పక వ్రాసిన లెక్క. ఆ లెక్కను ఎట్లు వ్రాయుదురు, నెలకు ఎట్లు కూర్చుదురు, అవసరమైనప్పుడు ఎట్లు దిద్దుదురు అనునదియే నేటి ప్రసంగ విషయము.

ఈ పని తెలుగువారికి క్రొత్తది కాదు. విశాఖపట్టణములో గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతమున సొంత ధనముతో ఒక వేధశాలను స్థాపించెను. ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు తరువాత దానిని నడిపి, ఆకాశములోని గ్రహతారకలతోపాటు వాతావరణమును గూడ గమనించి లెక్కలు వ్రాసెను. దేశమంతటి లెక్కలను ఒక్క పద్ధతికి తెచ్చుటకు 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడెను. ప్రతి వేసవిలో పత్రికలలో కనబడు రెంటచింతల పేరు వెనుక గూడ ఇట్టి లెక్కల పుస్తకమే యున్నది.

కేంద్రములో ముఖ్యమైనది కాళ్లమీద నిలిపిన తెల్లని కొయ్యపెట్టె. దీపస్తంభములు కట్టు వృత్తిలోనున్న థామస్ స్టీవెన్‌సన్ అను స్కాట్లండు ఇంజనీరు 1864లో దీనిని రూపొందించెను. దాని ప్రక్కలు వాలుపలకలతో చేసినవి. గాలి లోనికి వచ్చిపోవును గాని ఎండ నేరుగా తగులదు. మన అక్షాంశములలో తలుపు ఉత్తరమునకు పెట్టుదురు; చదువువేళ తలుపు తెరచినను సూర్యకిరణము పరికరములపై పడగూడదు. పెట్టె చుట్టును గచ్చు, గోడ, పెద్ద చెట్టు సమీపమున ఉండరాదు. కొలవవలసినది గాలి వేడిమి గాని గోడ వేడిమి కాదు.

సంప్రదాయ పద్ధతిలో పెట్టెలోపల గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణమాపకములు అడ్డముగా పరుండియుండును. గరిష్ఠమాపకము పాదరసముతో చేసినది. దాని గొట్టములో ఒకచోట నొక్కు కలదు. వేడికి పాదరసము ఆ నొక్కును దాటి ముందుకు పోవును గాని, చల్లబడినప్పుడు వెనుకకు రాలేదు. అందుచేత ఆ దినపు అత్యధికమైన వేడిమి అందే నిలిచియుండును. కనిష్ఠమాపకములో ఆల్కహాలు, అందులో ఒక చిన్న సూచిక యుండును. చల్లదనమునకు ద్రవము కుంచించుకొనుచు సూచికను వెంట లాగుకొని పోవును. మరల పెరిగినప్పుడు దానిని అక్కడనే విడిచిపెట్టును. ఉదయము 8-30కి కనిష్ఠము, సాయంకాలము 5-30కి గరిష్ఠము చదువుట ఈ దేశపు పద్ధతి. చదివిన పిమ్మట గరిష్ఠమాపకమును విదిలించి, కనిష్ఠమాపకమును వంచి, మరుసటి లెక్కకు సిద్ధము చేయవలెను.

చదువుటలో గూడ ఒక క్రమము కలదు. కన్ను ద్రవమట్టమునకు సరిగా ఎదురుగా ఉండవలెను; పైనుండి చూచిన ఒక అంకె, క్రిందనుండి చూచిన ఇంకొక అంకె కనబడును. ఊపిరి వెచ్చదనము తగులకముందే పదవవంతులను మొదట చదివి, తరువాత పూర్తి డిగ్రీలను చదువుదురు. వ్రాసిన పిమ్మట మరల ఒకసారి చూతురు. 41కి బదులు 36 అని, అనగా సరిగా 5 డిగ్రీలు తప్పుగా వ్రాయుట, ఈ పనిలో తరచు జరుగు పొరపాటు. ఒకనాడు చదువుట తప్పిపోయినచో ఆ గడిని ఖాళీగా విడువవలెను. నిన్నటి అంకెను చూచి నేటి అంకెను ఊహించి వ్రాయువాడు ఒక్క దినమును మాత్రమే కాదు, పుస్తకమంతటిని నమ్మరానిదిగా చేయును.

ఇక నెల లెక్క. మే నెలలో 31 దినముల గరిష్ఠముల మొత్తము 1271.0 అనుకొనుడు. 31 చేత భాగింపగా సగటు గరిష్ఠము 41.0 డిగ్రీలు. కనిష్ఠముల మొత్తము 849.4 అయిన సగటు కనిష్ఠము 27.4. ఈ రెండింటిని కలిపి సగము చేయగా నెల సగటు 34.2 సెల్సియస్ డిగ్రీలు. ఒక్కనాడు 5 డిగ్రీలు తప్పు వ్రాసినచో సగటు గరిష్ఠము 0.16 మారును. ఇది చిన్న అంకెవలె తోచును గాని, కొన్ని దశాబ్దములలో వచ్చు మార్పును వెదకునప్పుడు చిన్నది కాదు. అందుచేతనే 11 లేక అంతకు మించిన దినములు లోపించినను, వరుసగా 5 దినములు లోపించినను ఆ నెలకు సగటు కట్టరాదని ప్రపంచ వాతావరణ సంస్థ సూచించుచున్నది.

చదువు వేళ మారినను లెక్క మారును. సోమవారము సాయంకాలము 5 గంటలకు గాలి ఇంకను 40 డిగ్రీలున్నప్పుడు మాపకమును విదిలించిరనుకొనుడు. వెంటనే అది మరల 40 చూపును. మంగళవారము మబ్బుపట్టి 34 దాటకున్నను, ఆ సాయంకాలము మాపకములో 40 నిలిచియుండును. ఒక్క ఎండ రెండు దినముల ఖాతాలో పడినది! ఉదయము చదువుచోట ఈ దోషము గరిష్ఠములో రాదు. కాని ఉదయపు చలి కనిష్ఠములో రెండుమారులు లెక్కకు రావచ్చును. అమెరికాలో 1890 నుండి స్వచ్ఛందముగా వాతావరణము వ్రాయు గ్రామీణులు వేలకొలదిగా ఉండిరి. వారిలో పెక్కుమంది కాలక్రమమున సాయంకాలపు చదువు మాని ఉదయపు చదువునకు మారిరి. ఆ మార్పువలన లేని చల్లదనము లెక్కలలో కనబడెను. తరువాతి శాస్త్రజ్ఞులు దానిని ప్రత్యేకముగా దిద్దవలసి వచ్చెను.

వేళ మారినట్లే పెట్టె చోటు మారును, ప్రక్కన గోడ లేచును, పరికరము మారును. నేడు రెండు తెలుగు రాష్ట్రములలో మండల స్థాయివరకు స్వయంచాలక కేంద్రములు వచ్చినవి. పాదరసమునకు బదులు విద్యుత్ పరికరము వచ్చినప్పుడు రెండింటిని కొంతకాలము ప్రక్కప్రక్కన నడిపి భేదమును తెలిసికొనుట ఉత్తమము. అట్టి అవకాశము లేనిచో ఇరుగుపొరుగు కేంద్రములే సాక్షులు. ఒక ఊరి పెట్టె బడి గోడ ప్రక్కనుండి బయలునకు మారెననుకొనుడు. మారకముందు ఆ ఊరి నెలసరి గరిష్ఠము పొరుగు కేంద్రముల సగటుకన్న 0.6 ఎక్కువగాను, మారిన తరువాత 0.2 తక్కువగాను ఉండుచున్నది. పొరుగువారిలో ఏ మార్పును లేదు. కావున భేదము 0.8 డిగ్రీలు చోటువలన వచ్చినది. పాత లెక్కలలో 0.8 తగ్గించినగాని వానిని క్రొత్త లెక్కలతో పోల్చరాదు. అది గూడ నెలనెలకు వేరుగా చూడవలెను. గోడ వేడిమి మే నెలలో ఒకరీతి, వానకాలములో వేరొకరీతి.

ఈ పనికి ఎంత ఓర్పు కావలెనో తెలియుటకు ఇంగ్లండు ఉదాహరణము చాలును. ఆ దేశ మధ్యభాగమునకు 1659 నుండి నెలసరి ఉష్ణోగ్రతల పట్టిక కలదు. పరికరములతో కొలిచిన ఇట్టి పట్టికలలో ప్రపంచమున ఇదియే మిక్కిలి దీర్ఘమైనది. గోర్డన్ మాన్లీ అను శాస్త్రజ్ఞుడు దీనిని 1953లోను, పూర్తిగా 1974లోను ప్రకటించెను. గ్రామములలోని మతగురువులు, వైద్యులు, భూస్వాములు వ్రాసికొన్న దినచర్యలే ఆయనకు మూలములు. 1723లో జేమ్స్ జురిన్ ఇచ్చిన సలహా ననుసరించి కొందరు ఉష్ణమాపకమును ఆరుబయట గాక, నిప్పు రాజవేయని ఉత్తరపు గదిలో వ్రేలాడదీసిరి. 1752లో ఆ దేశము పంచాంగము మార్చి 11 దినములను విడిచిపెట్టెను గనుక, అంతకుముందరి జనవరి నేటి జనవరి కాదు. 1707 నుండి 1722 వరకు తగిన లెక్కలు దొరకనందున హాలండులోని యూట్రెక్టు లెక్కల సాయము తీసికొనవలసి వచ్చెను. ఇన్నిటిని సరిచూచి దిద్దినను మాన్లీ మొదటి సంవత్సరముల సంఖ్యలకు పదవవంతుల ఖచ్చితమును అంటగట్టలేదు, మోటుగనే ఇచ్చెను. తెలిసినంతవరకే చెప్పుట దిద్దువాని మొదటి ధర్మము.

దిద్దుట యనగా కల్పించుటయే కదా యని కొందరు సంశయింతురు. ఆ సంశయమును కొట్టివేయరాదు. దానికి సమాధానము పూర్వపు కరణముల లెక్కలలోనే యున్నది. మంచి కరణము తప్పు పడినచోట గీకి చెరుపడు. పాత అంకె కనబడునట్లు గీత కొట్టి, పైన సరియైన అంకె వేసి, సంతకము చేయును. ఉష్ణోగ్రతల లెక్కకును అదియే నీతి. పెట్టెవద్ద చదివిన మూలసంఖ్య ఎన్నటికిని చెరగరాదు. దిద్దిన సంఖ్య వేరు పట్టికలో ఉండవలెను. ఎంత దిద్దిరి, ఏ కారణముచేత, ఏ పొరుగు కేంద్రముల సాక్ష్యముతో అనునవి దాని ప్రక్కన ఉండవలెను. అప్పుడు రేపటివాడు ఆ దిద్దుబాటును గూడ దిద్దగలడు. మూలము పోయినచో దిద్దుబాటు తప్పో ఒప్పో తేల్చువాడు లేడు.

ఇది పండితుల పట్టికలకు మాత్రమే చెందిన విషయము కాదు. 2015 మే నెలలో తెలుగు రాష్ట్రములలో వడదెబ్బకు వేయిమందికి పైగా మరణించిరి. మైదాన ప్రాంతములలో గరిష్ఠము 40 డిగ్రీలు చేరి, ఆ కాలపు సాధారణముకన్న 4.5 డిగ్రీలు మించుట వడగాలి అనుటకు వాతావరణ శాఖ ప్రమాణములలో ఒకటి. సాధారణమనగా 30 ఏండ్ల లెక్కల సగటు. పైన చెప్పిన ఊరిలో దిద్దని సాధారణము 38.5, దిద్దినది 37.7 అనుకొనుడు. నేటి గరిష్ఠము 42.3. దిద్దని లెక్కలో హెచ్చు 3.8 మాత్రమే, దిద్దిన లెక్కలో 4.6. మొదటి లెక్క చూచినవారు మామూలు ఎండయని ఊరకుందురు. రెండవ లెక్క చూచినవారు కూలీలను మధ్యాహ్నపు పనినుండి తప్పింతురు, చలివేంద్రములు పెట్టుదురు, ముసలివారిని కనిపెట్టియుందురు. ఎన్నడో మారిన పెట్టెకు, నేడు పొలములోనున్న మనిషి ప్రాణమునకు ఇంతటి సంబంధము కలదు.

ఇందులో గ్రంథాలయమునకు గూడ పని కలదు. కేంద్రపు నెలసరి పట్టికల నకలును భద్రపరచవచ్చును. దానితోపాటు ఒక చరిత్ర పుస్తకము నుంచవలెను. పెట్టెకు రంగు ఎప్పుడు వేసిరి, ప్రక్కన రోడ్డు ఎప్పుడు పడినది, చెట్టు ఎప్పుడు కొట్టిరి, పరికరము ఎప్పుడు మార్చిరి అనునవి తేదీలతో వ్రాసిన ఆ పుస్తకమే రేపు దిద్దువానికి దారి చూపును. ఆ మాటలు ఏ యంత్రమును వ్రాయజాలదు. ఊరివారు మాత్రమే వ్రాయగలరు.

ఒక సాధారణమును కట్టుటకు 30 ఏండ్ల లెక్క కావలెను. 25 ఏండ్లు తలుపు మూయక పుస్తకములను కాపాడిన ఊరికి ఆ ఓర్పు క్రొత్తగా నేర్పవలసినది కాదు.