కంప్యూటరు డ్రమ్ములు మార్చబోయే ముందు



సాయంత్రం కాఫీ వేళకు మీ అబ్బాయో అమ్మాయో వంటింటి గడపలో నించుని, "అమ్మా, నా డ్రమ్ముల సాఫ్ట్‌వేరుకి కొత్త వెర్షన్ వచ్చింది, మార్చుకోవాలి" అన్నారనుకోండి. మీరేమంటారు? "మొన్ననేగా కొన్నావు, అప్పుడే పాతబడిందా?" అంటారు. నేనైనా అదే అంటాను. కాని ఆ మాటతో ఊరుకోకుండా, అసలా వస్తువేమిటో తెలుసుకుని రెండు ప్రశ్నలు వేయగలిగామనుకోండి, డబ్బూ కలిసొస్తుంది, పిల్లల దగ్గర మన మాటకి విలువా ఉంటుంది. పైగా సొంతంగా పాటలు రికార్డు చేసుకునే ఆడవాళ్ళు మనలోనూ తక్కువేం లేరు. భజనలనండి, పిల్లల గేయాలనండి, ఇంట్లో లాప్‌టాప్ మీదనే చేసి పదిమందికీ పంపుతున్నారు. వాళ్ళకైతే ఇది పిల్లల గొడవ కాదు, తమ గొడవే.

సంగీతం నేర్చుకునే ఇళ్ళల్లో శ్రుతిపెట్టె పక్కన ఒక తాళం పెట్టె ఉంటుంది చూడండి, మీట నొక్కితే తబలా ఠేకా మోగుతూ ఉంటుంది. ఈ సాఫ్ట్‌వేరు కూడా ఆ జాతిదే. కాకపోతే బాగా చదువుకున్న చెల్లెలు. 1980లో అమెరికాలో రోజర్ లిన్ అనే ఆయన, అసలైన డ్రమ్ముల ధ్వనిని రికార్డు చేసి, చిన్న చిన్న ముక్కలుగా యంత్రంలో దాచి వాయించే ఎల్‌ఎమ్-1 అనే పెట్టెను తయారుచేశారు. ఇప్పుడు పెట్టె పోయి కంప్యూటరు వచ్చింది గాని, లోపలి కిటుకు అదే. ఎక్కడో మంచి స్టూడియోలో నిజమైన డ్రమ్ములను మెల్లగా, గట్టిగా, మధ్యస్థంగా రకరకాలుగా కొట్టి రికార్డు చేస్తారు. మనం ఇంట్లో మీట నొక్కినప్పుడు ఆ దెబ్బల్లోంచి తగినదొకటి మోగుతుంది. ఒకే దెబ్బ మళ్ళీ మళ్ళీ మోగితే కుట్టుమిషను చప్పుడులా ఉంటుంది గనుక, ఒకే బలంతో కొట్టినవి కూడా నాలుగైదు ఉంచి, మార్చి మార్చి వినిపిస్తారు.

మరి కొత్త వెర్షన్‌లో కొత్తేముంటుంది? ఒక ఉదాహరణ చెబుతాను. స్వీడన్‌లోని టూన్‌ట్రాక్ అనే సంస్థ ఈజీడ్రమ్మర్ అనే ప్రోగ్రామును 2006లో తెచ్చింది. రెండోది 2014లో, మూడోది 2022లో వచ్చాయి. అంటే ఎనిమిదేళ్ళకోసారి. మన మిక్సీల కంటే నయమే! రెండోదానికి డ్రమ్ములు లండన్‌లోని బ్రిటిష్ గ్రోవ్ స్టూడియోలో రికార్డు చేశారు. మూడోదానికి బెర్లిన్‌లోని హాన్సా స్టూడియోలో చేశారు. ఒకప్పుడు బెర్లిన్ గోడకు దగ్గర్లో ఉండిన స్టూడియో అది, గది ప్రతిధ్వనికి పేరుపడింది. కాబట్టి వెర్షన్ మారిందంటే పాత డ్రమ్ములకు మెరుగు పెట్టారని కాదు. డ్రమ్ములే వేరు, గదే వేరు. పాట స్వరూపమే మారిపోవచ్చు. దీనికి తోడు మూడోదానిలో, మన గిటారు ముక్కను వినిపిస్తే దానికి సరిపడే వాయింపును అదే వెతికిపెట్టే ఏర్పాటు కూడా ఉంది. డ్రమ్ములు వాయించడం రానివాళ్ళకు అది నిజంగా ఉపకారమే.

ఇదే సంస్థవారిది సుపీరియర్ డ్రమ్మర్ అని పెద్దది మరొకటి ఉంది. దాని మూడో వెర్షన్ 2017లో వచ్చింది. బెల్జియంలోని గెలాక్సీ స్టూడియోలో జార్జ్ మాసెన్‌బర్గ్ అనే పేరుమోసిన ఇంజనీరు రికార్డు చేశారు. ఆ ధ్వనులన్నీ కలిపి 230 జీబీ పైచిలుకు! చాలా లాప్‌టాప్‌లలో ఉండే చోటే 256 జీబీ. బియ్యం బస్తాలు కొనేసి, ఇంటికొచ్చాక కొట్టుగది లేదని తెలుసుకున్నట్టుంటుంది. ప్రోగ్రాము ధర ఒక్కటే ఖర్చు కాదన్నమాట. విడిగా ఒక హార్డ్‌డిస్కు, ఒక్కోసారి మెమరీ, ఆఖరికి కంప్యూటరే మార్చాల్సి రావచ్చు. ఈజీడ్రమ్మర్‌కి ఇందులో పదో వంతు చోటు కూడా అక్కర్లేదు. ఇంట్లో పాట చేసుకునేవారికి చాలావరకు చిన్నదే చాలునని నా అభిప్రాయం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

మా బంధువులమ్మాయి ఒకామె విజయవాడలో ఉంటుంది. డాన్సు స్కూళ్ళకీ, పెళ్ళి వీడియోలకీ సంగీతం చేసి ఇస్తుంది. ఇల్లు గడవడంలో ఆ డబ్బుకీ వాటా ఉంది. కిందటేడు కొత్త కంప్యూటరు కొని, అన్నీ అందులోకి మార్చుకుంది. ఓ నెల పోయాక ఒక డాన్సు టీచరు ఫోను చేసి, "ఆ పాటే, ఒక్క అరనిమిషం తగ్గించి ఇవ్వమ్మా, శనివారం మా కార్యక్రమం" అన్నారట. పాట తెరిచింది. గొంతు ఉంది, వీణ ఉంది, డ్రమ్ముల దగ్గర మాత్రం చడీచప్పుడూ లేదు. ఆ పాత డ్రమ్ముల ప్రోగ్రాము కొత్త కంప్యూటర్లో నడవదు. తయారుచేసిన చిన్న కంపెనీ ఎప్పుడో మూతబడింది. కొత్త ప్రోగ్రాములో అవే దెబ్బలు పెట్టి చూస్తే, మూసిన తాళం మోగాల్సినచోట తెరిచిన తాళం ఖణేలుమంటోంది. అదృష్టం బాగుండి పాత కంప్యూటరు అటక మీదే ఉంది. వాళ్ళాయన నిచ్చెన వేసి దించారు. రెండు రాత్రులు కూచుని పాత పాటలన్నిటి డ్రమ్ములనూ బయటికి తీసుకుంది. పాత సామాన్లవాడికి ఇచ్చేసి ఉంటేనో?

ఇలా ఎందుకవుతుందో చెబుతాను. పాట ఫైలులో డ్రమ్ముల ధ్వని ఉండదండీ. ఎప్పుడు, ఏ డ్రమ్ము, ఎంత బలంగా కొట్టాలన్న చిట్టా మాత్రమే ఉంటుంది. దాన్ని మిడి అంటారు, 1983 నుంచీ వాడుకలో ఉంది. ఆవకాయ పాళ్ళు రాసుకున్న కాగితం లాంటిదనుకోండి. కాగితం భద్రంగానే ఉంది, కాని వెనకటి గానుగ నూనె, ఆ కారం దొరక్కపోతే ఆ ఆవకాయ రాదుగా! ఆ చిట్టాలో ప్రతి డ్రమ్ముకీ ఒక అంకె ఉంటుంది. 1991లో కుదిరిన జనరల్ మిడి అనే ఒప్పందం ప్రకారం 36 అంటే కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము, 38 అంటే స్నేరు, 42 అంటే మూసిన హై-హ్యాట్ తాళం. ఇంతవరకు చాలామంది పాటిస్తారు. కాని సగం తెరిచిన తాళం, అంచు మీద దెబ్బ లాంటి సూక్ష్మాలకు ఏ సంస్థ అంకెలు దానివి. అందుకే ఒకే సంస్థలో పాతది మార్చి కొత్తది తీసుకోవడం కొంత సుళువు. సంస్థే మారితే చిట్టా అంతా సరిచూసుకోవాలి.

కాబట్టి, కొత్తది కొన్నా కొనకపోయినా, పాతది బాగా నడుస్తున్నప్పుడే ప్రతి పాటలోని డ్రమ్ములనూ విడివిడిగా, పెద్ద డ్రమ్ము వేరు, స్నేరు వేరు, తాళాలు వేరుగా, వేవ్ ఫైళ్ళుగా దించి వేరే డిస్కులో దాచమనండి. అది జాడీలో పెట్టిన ఆవకాయ. ఏ ప్రోగ్రాము ఉన్నా లేకపోయినా తినొచ్చు. చిట్టాను కూడా పారేయకుండా పక్కన ఉంచుకోవాలి. కొత్తది రాగానే పాతదాన్ని తీసిపారేయాలని పిల్లలు ఉబలాటపడతారు. ఆ పని చేయనివ్వకండి. ఈజీడ్రమ్మర్ రెండూ మూడూ ఒకే కంప్యూటర్లో పక్కపక్కన ఉండగలవు. పాత పాటలు పాతదాన్ని పిలుచుకుంటాయి, కొత్త పాటలు కొత్తదాన్ని. అత్తాకోడళ్ళ కంటే నయంగానే సర్దుకుంటాయి.

ఇక డబ్బు మంజూరు చేసే ముందు ఒక పరీక్ష పెట్టండి. "పాత డ్రమ్ములు బొమ్మ డ్రమ్ముల్లా మోగుతున్నాయమ్మా" అంటే, "నువ్వు దెబ్బల బలం ఎంతెంత పెట్టావు?" అని అడగండి. మిడిలో ఆ బలానికి 1 నుంచి 127 దాకా అంకెలున్నాయి. తొందరలో చాలామంది అన్నిటికీ 127 పెట్టేసి వదిలేస్తారు. కూరలో ప్రతి ముద్దకూ ఒకే ఉప్పు ఉండాలి గాని, డ్రమ్ముకు అలా పనికిరాదు. మొదటి దెబ్బ గట్టిగా, మధ్యవి మెత్తగా, ఒకటి రెండు రవ్వంత ముందూ వెనకా పడేట్టు సరిచేసి, అదే పాట మళ్ళీ వినిపించమనండి. మీ చెవికే తేడా తెలుస్తుంది. తేడా వచ్చిందంటే లోపం ప్రోగ్రాములో లేదు, డబ్బు కొన్నాళ్ళు ఆగొచ్చు. బలాలన్నీ సరిచేశాక కూడా కుట్టుమిషనులాగే ఉందంటే, పాతదానిలో దెబ్బల రకాలే తక్కువన్నమాట. అప్పుడు కొనివ్వడం న్యాయం.

ఎలాంటి పాటలు చేస్తున్నారో కూడా చూడాలి. ఈ ప్రోగ్రాములతో వచ్చే తయారు వాయింపుల్లో ఎక్కువ భాగం నాలుగు లెక్కలో నడిచే పాశ్చాత్య వరసలు. మీరు ఖండచాపులో కీర్తన చేస్తుంటే అవి ఎన్ని వేలున్నా మీకెందుకు? దెబ్బ దెబ్బా చేత్తో రాసుకోవాల్సిందే, ఆ పనికి పాత వెర్షన్ ఎంతో కొత్తదీ అంతే. మృదంగం, డప్పు వంటివి కావాలంటే వాటికి వేరే సరుకు చూసుకోవాలి. అసలు మృదంగం వాయించే కుర్రవాడు మీ వీధిలోనే ఉంటే, ఆ డబ్బేదో అతని చేతిలో పెట్టి ఒక పూట కూచోబెట్టుకోండి. ఏ వెర్షనూ ఆ పాటకు అంత చేయలేదు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. "ఊరికే దొరుకుతుందమ్మా, స్నేహితుడు పెన్‌డ్రైవులో ఇస్తానన్నాడు" అంటే ఒప్పుకోకండి. తాళం పగలగొట్టిన ప్రోగ్రాముల్లో వైరస్‌లు దూరడం మామూలు. అదే కంప్యూటర్లో మీ బ్యాంకు లెక్కలు కూడా ఉంటాయి. డబ్బు లేకపోతే ఉచితంగానే, సక్రమంగానే దొరికేవి ఉన్నాయి. ఎమ్‌టీ పవర్ డ్రమ్ కిట్ అని ఒకటుంది, స్టీవెన్ స్లేట్ డ్రమ్స్ 5లో ఒక భాగాన్ని కూడా ఉచితంగా ఇస్తున్నారు. నేర్చుకునే పిల్లలకు అవి ధారాళంగా సరిపోతాయి.

కొనాలనే నిశ్చయమైతే, పాత వెర్షన్ ఉన్నవారికి ధర తగ్గించి ఇవ్వడం సాధారణంగా అన్ని సంస్థలకూ ఉన్న ఆచారమే. ఆ తగ్గింపు రావాలంటే, పాతది కొన్నప్పటి ఈమెయిలు చిరునామా, లైసెన్సు సంఖ్య కావాలి. కాలేజీలో ఉన్నప్పటి చిరునామాతో కొని, ఇప్పుడు దాని పాస్‌వర్డు మరిచిపోయిన పిల్లలు చాలామంది ఉన్నారు. ఈ సాయంత్రమే అడిగి, ఆ రెండూ గ్యాసు పుస్తకం, కరెంటు బిల్లులు పెట్టుకునే ఫైల్లో ఒక కాగితం మీద రాయించి పెట్టండి.