కిటికీలు తీసి ఉన్నాయా?

వేదిక మీది పెద్దలకూ, ఇవాళ పట్టాలు అందుకుంటున్న నర్సింగ్, ప్రజారోగ్య విద్యార్థులకూ, వెనక వరుసల్లో కూర్చున్న అమ్మానాన్నలకూ నమస్కారం.

ఏటి లోతు సగటున మోకాలి దాకానే అని లెక్కగట్టి, పిల్లాజెల్లాను దింపి ముంచేసిన లెక్కల పంతులు కథ మీరు వినే ఉంటారు. 2020లో కోవిడ్ రోగుల జాడ తీసే పనిలో ఉన్న మేమూ కొన్నాళ్లు ఆ పంతులు లాగే ఉన్నాం. ఒక కోవిడ్ రోగి సగటున ఇద్దరు ముగ్గురికి అంటిస్తాడన్నారు. సరే, ఆ ఇద్దరు ముగ్గురి కోసం ఇల్లిల్లూ తిరిగాం.

ఆ సగటు గుట్టు బయటపెట్టిన లెక్కల్లో మన ఊళ్లవీ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల్లో 84,965 మంది రోగులనూ, వాళ్లతో మెలిగిన 5,75,071 మందినీ పరిశీలించిన రామనన్ లక్ష్మీనారాయణ్ బృందం 2020లోనే ‘సైన్స్’ పత్రికలో ఆ ఫలితాలు ప్రచురించింది. రోగుల్లో నూటికి 71 మంది నుంచి, జాడ తీసి పరీక్షించిన వాళ్లలో ఒక్కరికీ అంటలేదు. కొత్తగా సోకినవాటిలో 60 శాతం, కేవలం 8 శాతం మంది నుంచి వచ్చినవే. ఆ అంకెల వెనక మండుటెండలో గడపగడపా ఎక్కిదిగిన ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఉన్నారు. పరిశోధనా పత్రాల్లో వాళ్ల పేర్లు పడవు, అది వేరే సంగతి.

మరి ఆ 8 శాతం మంది ఎవరు? ‘సూపర్ స్ప్రెడర్’ అన్న మాట నాకు మొదటి నుంచీ గిట్టదు. వినగానే ఎవరో మహమ్మారిని మూటగట్టుకుని ఊరి మీద పడ్డట్టు ఉంటుంది. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని స్కాజిట్ కౌంటీకి రండి. 2020 మార్చి 10 సాయంత్రం ఒక బృందగాన సంఘం వాళ్లు 61 మంది సాధనకు కూడారు. కరచాలనాలు మానుకున్నారు, చేతులకు శానిటైజర్ రాసుకున్నారు. అప్పటికి తెలిసిన జాగ్రత్త అదే. ఒకరికి మాత్రం కాస్త జలుబులా ఉంది. జలుబుకు పాట మానేస్తారా? రెండున్నర గంటలు దగ్గర దగ్గర కుర్చీల్లో కూర్చుని గొంతెత్తి పాడారు. ఆ ఒక్కరితో కలిపి 53 మంది జబ్బుపడ్డారు; వాళ్లలో 33 మందికి పరీక్షలో తేలింది, మిగతా 20 మందికి సోకిందని లక్షణాలను బట్టి లెక్కవేశారు. ఇద్దరు చనిపోయారు. ఆ జలుబు మనిషే ఆ సాయంత్రం ఇంటి అరుగు మీద ఒంటరిగా కూర్చుని కూనిరాగం తీసుకుని ఉంటే ఈ కథే లేదు. మనిషిలోని వైరస్ ఎంతో, ఆ గదీ, ఆ గంటలూ, ఆ గొంతులూ అంతే.

జపాన్ వాళ్లు ఇది తొందరగా పట్టుకున్నారు. గాలి ఆడని చోటు, గుంపు, దగ్గరగా మాటలు, ఈ మూడూ ఒకచోట కలవనీయొద్దని జనానికి చెప్పారు. రోగి దొరికితే ‘నువ్వు ఎవరికి అంటించావు’ అనడంతో ఆగకుండా ‘నీకు ఎక్కడ అంటింది’ అని వెనక్కి వెళ్లారు. అంటిన వాళ్లలో ఎక్కువమందికి ఏదో ఒక గుంపులోనే అంటుతుంది కనక, వెనక్కి నడిస్తే ఆ గుంపు దొరుకుతుంది; దానితో పాటు ఇంకా దగ్గు మొదలుకాని పదిమందీ దొరుకుతారు.

చెప్పడం తేలికే, అడగడమే కష్టం. ఆ రోజుల్లో నేను ఫోను చేసిన ఒకాయన ‘ఎక్కడికీ పోలేదండీ, ఎవర్నీ కలవలేదండీ’ అని మూడుసార్లు అన్నాడు. ఆయన తప్పు కాదు. ఇంటి ముందు కర్రలు అడ్డం కట్టి, ఎర్ర స్టిక్కరు అంటించి, వీధి వీధంతా వేలెత్తి చూపే కాలం అది. చివరికి ‘పోయిన ఆదివారం భోజనం ఎక్కడ చేశారు బాబూ?’ అన్నాను. కాస్త ఆగి, ‘మా బావమరిది కూతురి ఓణీల ఫంక్షనండీ’ అన్నాడు. ‘హాల్లో కిటికీలు తీశారా?’ ‘ఏసీ కదండీ, మూసేశారు.’ నేను ఆయన్ని ఏమీ అనలేదు. ఏమీ అనలేదు కాబట్టే వడ్డించిన వాళ్ల పేర్లూ, మేళం వాళ్ల ఊరూ ఆయనే చెప్పుకుంటూ పోయాడు. సాయంత్రం దాకా రాస్తూనే ఉన్నాను.

రేపు మీలో కొందరు ఇలాంటి ఫోన్లు చేస్తారు. అది కోవిడే కానక్కర్లేదు, ఫ్లూ కావచ్చు, తట్టు కావచ్చు. తట్టుకైతే పెద్ద గుంపు కూడా అక్కర్లేదు. రోగి గది వదిలి వెళ్లాక రెండు గంటల దాకా ఆ వైరస్ గాలిలో నిలిచి ఉండగలదు. మీ ప్రశ్నల పట్టికలో పేరూ, వయసూ, ఆధార్ నంబరూ రాయడానికి గళ్లుంటాయి. కిటికీలకు గడి ఉండదు, పక్కన ఖాళీలో మీరే రాసుకోవాలి.

ఇందాక నిర్వాహకులను బతిమాలి ఈ హాలు పక్క తలుపులు రెండూ తీయించాను. మధ్యాహ్నం ఎండ నేరుగా మూడో వరుస మీద పడుతోంది, చూస్తున్నాను. ఆ నల్ల గౌన్లలో ఉడికిపోతుంటే నన్నే తిట్టుకోండి; పాపం వాళ్లు ఏసీ వేద్దామనే అన్నారు.