మన వార్డు గీత ఎక్కడ పడింది?

(సమాఖ్య వార్షిక మహాసభలో వార్డు సమాచార ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం, 2025)



పొదుపు, బ్యాంకు లింకేజీ, వసూళ్ల లెక్కలు ఇందాక కోశాధికారి గారు చదివి వినిపించారు. మాకు అప్పగించిన విషయంలో రూపాయల లెక్క లేదు. మేము చెప్పబోయేది వార్డు గురించి. విశాఖలో వార్డు అనేది ఎలా పుట్టింది, దాని గీత ఎన్నిసార్లు జరిగింది, జరిగినప్పుడు మన ఆడవాళ్లకు ఏమైంది అన్నదే మా మాట. పార్టీల మాట మా నోట రాదు. ఈ హాల్లో అన్ని పార్టీల వాళ్లూ ఉన్నారు, అందరం ఒకే పుస్తకంలో సంతకాలు పెట్టేవాళ్లం.

అసలు ఈ ఉపసంఘం ఎందుకు పెట్టుకున్నామో కొత్తగా వచ్చిన వాళ్లకు తెలియాలి. మన కొండవాలు సంఘాల్లో ఒకచోట గెడ్డ ఉంది. వానాకాలం వస్తే కొండ మీది నీళ్లన్నీ ఆ గెడ్డలోంచే దిగుతాయి. గట్టు కోసుకుపోతోంది, రక్షణ గోడ కట్టండని మన వాళ్లు అర్జీ పెట్టారు. గెడ్డకు ఇవతలి గట్టు ఒక వార్డు, అవతలి గట్టు ఇంకో వార్డు. ఇవతలి ప్రతినిధి దగ్గరికి వెళ్తే "గోడ రావాల్సింది అవతలమ్మా" అన్నారు. అవతలి ప్రతినిధి దగ్గరికి వెళ్తే "నీళ్లొచ్చేది ఇవతలి ఇళ్లలోకి కదా, వాళ్లనే అడగండి" అన్నారు. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడారు, కుర్చీ కూడా వేశారు. కాగితం మాత్రం కదల్లేదు. ఆఖరికి రెండు గట్ల మీది స్లమ్ సమాఖ్యలూ కూర్చుని ఒకే తీర్మానం రాసి, రెండు వార్డుల ప్రతినిధుల చేతా సంతకం పెట్టించి, సోమవారం అర్జీల రోజున ఇచ్చాం. ఇంజనీర్లు వచ్చి టేపు పెట్టి కొలిచి అంచనా వేశారు. గోడ ఇంకా లేవలేదు. కానీ "మాది కాదు" అనే మాట మాత్రం ఆగింది.

అక్కడే ఒక అక్క అడిగింది: "ఈ గెడ్డను గీతగా పెట్టిందెవరు? ఎప్పుడు పెట్టారు?" ఆ ప్రశ్నతోనే మా పని మొదలైంది.

విశాఖపట్నం మున్సిపాలిటీ పాతదే, కార్పొరేషన్ అయింది మాత్రం 1979లో. 1981లో ఎన్నికలు జరిగి మొదటి మేయర్ వచ్చారు. మన అమ్మల కాలం అది. ఆ తర్వాత పెద్ద మార్పు 2005 నవంబరులో. గాజువాక మున్సిపాలిటీని, చుట్టుపక్కల 32 గ్రామాలను కలిపి గ్రేటర్ చేశారు. అప్పటిదాకా పంచాయతీ సర్పంచ్ గుమ్మం తొక్కిన ఆడవాళ్లు ఉన్నట్టుండి కార్పొరేషన్ జనం అయిపోయారు. గ్రామసభ పోయింది, ఇంటి పన్ను మారింది, వీధి పేరుకు బదులు వార్డు నంబరు వచ్చింది. 2007లో 72 వార్డులకు ఎన్నికలయ్యాయి. ఆ పాలకవర్గం గడువు 2012లో ముగిసింది.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మన సంఘాల్లో పాతిక ముప్పై ఏళ్ల పిల్లలకు ఈ సంగతి తెలియదు. 2012 నుంచి 2021 దాకా, తొమ్మిదేళ్ల పాటు విశాఖలో ఒక్క వార్డుకీ ఎన్నికైన ప్రతినిధి లేరు. ప్రత్యేకాధికారుల పాలనే. నడుమ 2013లో భీమిలి, అనకాపల్లి మున్సిపాలిటీలను కూడా కలిపారు. కలిపారు గానీ, అక్కడి జనం కొత్త కార్పొరేషన్‌కు ఓటు వేయడానికి ఎనిమిదేళ్లు పట్టింది. భీమిలి అంటే 1860ల నాటి మున్సిపాలిటీ, మన రాష్ట్రంలో పాతవాటిలో ఒకటి. అంత పాత ఊరికి తన కౌన్సిల్ పోయింది, కొత్తది రాలేదు.

ఆ తొమ్మిదేళ్లూ ఊరు ఊరకే ఉందా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. కప్పులు ఎగిరిపోయాయి, కరెంటు లేదు, పాల ప్యాకెట్ కోసం వరసలు కట్టాం. ఏ వీధికి ట్యాంకరు ముందు రావాలో, ఏ ఇంటి పేరు నష్టం జాబితాలో ఎక్కాలో వీధి ఎరిగిన మనిషి ఒకరు అధికారి పక్కన ఉండాల్సిన సమయం అది. ఆ కుర్చీ ఖాళీ. 2016లో స్మార్ట్ సిటీ మొదటి జాబితాలో మన ఊరి పేరు వచ్చింది, అప్పుడూ ఖాళీయే. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో గ్యాస్ లీకైనప్పుడూ, కరోనా మొదటి విడతలోనూ ఖాళీయే. అధికారులు పని చేయలేదని మేము అనడం లేదు. చాలామంది రాత్రింబవళ్లు తిరిగారు. కానీ అధికారి బదిలీ అయిపోతారు. మళ్లీ ఐదేళ్లకు ఓటడగాల్సిన మనిషికి ఉండే భయం వాళ్లకు ఉండదు. ఆ కాలంలో వార్డు పనిలో సగం మన ఆర్పీల నెత్తిన పడింది. ఎవరింట్లో ముసలివాళ్లున్నారు, ఎవరికి మందులు కావాలి అని వాళ్లే రాసుకుని తిరిగారు. ఆ పనిని ఏ నివేదికలోనూ రాయలేదు కాబట్టి, ఈ నివేదికలోనైనా ఉండాలని ఇక్కడ చెబుతున్నాం.

2020 మొదట్లో గీతలు మళ్లీ గీశారు. 72 వార్డులు 98 అయ్యాయి. మొదటి నంబర్లు భీమిలి వైపు పడ్డాయి, అనకాపల్లి ఎనభైల్లోకి వెళ్లింది. నడుమ ఊళ్లో ఉన్న వాళ్లందరి నంబర్లూ మారాయి. మన స్లమ్ సమాఖ్యల రబ్బరు స్టాంపులు, బ్యాంకు ఫైళ్లు, లెటర్‌ప్యాడ్ల మీద పాత వార్డు నంబర్లు ఇప్పటికీ కొన్నిచోట్ల ఉన్నాయి. అది చిన్న విషయమే, స్టాంపు మార్పించుకుంటే తీరిపోతుంది. పెద్ద విషయం ఏమిటంటే, ఒకే సమాఖ్యలోని సంఘాలు రెండు వార్డుల్లోకి చీలాయి. గీత గీసేవాళ్లు రోడ్డు చూస్తారు, గెడ్డ చూస్తారు, రైలు పట్టాలు చూస్తారు. మన సంఘం సరిహద్దు వాళ్ల మ్యాపులో ఉండదు.

గీతకు ఒక లెక్క ఉంది, అది తెలుసుకోవాలి. ఒక వార్డు జనాభా, ఇంకో వార్డు జనాభా దాదాపు సమానంగా ఉండాలి. ఆ జనాభా ఇవాళ్టిది కాదు, 2011 జనగణనది. ఇప్పటి హద్దుల్లో చూస్తే అప్పటి లెక్క 20 లక్షల పైచిలుకు. 98తో భాగిస్తే వార్డుకు సుమారు 20 వేల మంది. కానీ 2011 తర్వాత మధురవాడ వైపు ఎన్ని అపార్టుమెంట్లు లేచాయో, కొత్త కాలనీల్లో ఎంతమంది చేరారో మీకే తెలుసు. కాగితం మీద సమానమైన రెండు వార్డులు కుళాయి దగ్గర సమానం కావు.

2020 మార్చిలో నామినేషన్లు వేశారు, 15వ తేదీన కరోనా వల్ల ఎన్నికలు ఆగిపోయాయి. ఏడాది తర్వాత ఆగిన చోటి నుంచే మొదలుపెట్టి 2021 మార్చి 10న పోలింగ్ పెట్టారు, 14న లెక్కించారు. వైఎస్సార్ కాంగ్రెస్‌కు 58, తెలుగుదేశానికి 30, మిగతావి ఇతరులకు వచ్చాయి. 2025 ఏప్రిల్‌లో అవిశ్వాస తీర్మానం 74 ఓట్లతో నెగ్గి మేయర్ మారారు. అప్పుడు మన సంఘాల్లో చాలామంది "మేం ఓటేయకుండా మేయర్ ఎలా మారతారు?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. 2000లో మేయర్‌కు మనం నేరుగా ఓటేశాం, రాజాన రమణి గారు గెలిచారు. 2007 నుంచి కార్పొరేటర్లే మేయర్‌ను ఎన్నుకుంటున్నారు. అంటే ఇప్పుడు మన చేతిలో ఉన్నది వార్డు ఓటు ఒక్కటే, మిగతాదంతా దాని మీదే నిలబడుతుంది.

అనకాపల్లి అక్కల సంగతి ఇంకా చిక్కు. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి వేరే జిల్లా అయింది. కలెక్టర్ అక్కడే. కుళాయి, చెత్త, వీధి దీపం మాత్రం విశాఖ కార్పొరేషన్‌వి. ఒక అర్జీ ఎటు ఇవ్వాలో తెలియక రెండు ఊళ్లూ తిరిగి, ఆ రోజు కూలి పోగొట్టుకున్న వాళ్లు ఇక్కడే కూర్చుని ఉన్నారు. రేషను, భూమి కాగితం అయితే జిల్లా వైపు. కాలువ, నీళ్లు, ఇంటి పన్ను అయితే కార్పొరేషన్ వైపు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే ఒక బస్సు చార్జీ మిగులుతుంది.

ఇంకో పొరపాటు తరచుగా వింటున్నాం. "మా వార్డు ఏది" అంటే సచివాలయం నంబరు చెబుతున్నారు. రెండూ ఒకటి కాదు. సచివాలయాలు 2019లో సుమారు నాలుగు వేల జనాభాకు ఒకటి చొప్పున పెట్టారు. కార్పొరేటర్ వార్డులో అలాంటివి ఐదో ఆరో ఉంటాయి. సచివాలయంలో ఉద్యోగి ఉంటారు, వార్డుకు ఎన్నికైన మనిషి ఉంటారు. పథకం కాగితానికి మొదటిది, రోడ్డుకీ కాలువకీ రెండోది.

ఇక రిజర్వేషన్. 1993 జూన్ 1న అమల్లోకొచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ కౌన్సిళ్లలో ఆడవాళ్లకు మూడో వంతు సీట్లు అంది. మన రాష్ట్రంలో దాన్ని సగం చేశారు. 98లో సగం అంటే 49. అందుకు సంతోషమే. కానీ ఇన్ని వార్డుల్లో పని మీద వెళ్తే "మేడం గారు లోపలున్నారు, సార్‌తో మాట్లాడండి" అనే మాట వినని వాళ్లు చెయ్యెత్తండి. (నవ్వులు) చూశారా. సంఘంలో పదేళ్లు లెక్కలు రాసి, బ్యాంకు మేనేజరుతో వాదించి, నలభై మంది ఉన్న గదిలో తీర్మానం చేయించిన మనిషికి వార్డు నడపడం కొత్త విద్యేమీ కాదని మా నమ్మకం. వార్డు కంటే స్లమ్ సమాఖ్య నడపడమే కష్టమని మాలో కొందరి అభిప్రాయం.

పోటీ చేయాలనుకునే వాళ్లు వినండి. 21 ఏళ్లు నిండాలి. మీ ఓటు కార్పొరేషన్ హద్దుల్లో ఏ వార్డులో ఉన్నా ఫర్వాలేదు. మిమ్మల్ని ప్రతిపాదించే మనిషి ఓటు మాత్రం మీరు నిలబడే వార్డులో ఉండాలి. కాబట్టి మీ వార్డు రిజర్వేషన్ మీకు కలిసి రాకపోతే పక్క వార్డు ఉంది, అక్కడ మన సంఘాలూ ఉన్నాయి. ఇద్దరికంటే ఎక్కువ పిల్లలుంటే నిలబడకూడదనే నిబంధన ఎన్నాళ్లుగానో మన వాళ్లలో చాలామందిని గడప దగ్గరే ఆపేసింది. దాన్ని 2024 నవంబరులో శాసనసభ తీసేసింది. ముగ్గురు పిల్లల తల్లులు ఇప్పుడు నామినేషన్ వేయొచ్చు. ఈ సంగతి ఇంకా చాలామందికి చేరలేదు, మీటింగుల్లో చెప్పండి.

2021లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2026 మార్చి దాకా. ఎన్నికలు ఎప్పుడొచ్చినా, గీతలు మళ్లీ కదిలినా కదలకపోయినా, మనం చూసుకోవాల్సినవి రెండున్నాయి. మొదటిది ఓటరు జాబితా. వార్డు జాబితా అనేది అసెంబ్లీ జాబితాను ముక్కలు చేసి తయారు చేసేదే. ఆ ముక్కలు చేసేటప్పుడే ఒకే ఇంట్లో అత్త ఓటు ఒక వార్డులో, కోడలి ఓటు ఇంకో వార్డులో పడుతుంది. అసెంబ్లీ జాబితాలో పేరు లేకపోతే ఫారం 6, చిరునామా మారితే ఫారం 8. ఇవి ఎన్నికల వేళ కాదు, ఇప్పుడే పెట్టాలి. కిందటిసారి పోలింగ్ రోజున తిరిగి వెళ్లిపోయిన వాళ్లలో మన కొత్త కోడళ్లే ఎక్కువ. పుట్టింట్లో తీసేశారు, అత్తింట్లో ఎక్కించలేదు.

రెండోది ముసాయిదా. వార్డుల విభజన చేస్తే ముందు ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలు అడుగుతారు. ఆ గడువు రోజుల్లో ఉంటుంది, నెలల్లో కాదు. నోటీసు బోర్డు మీద అంటిస్తారు, పేపర్లో వేస్తారు. "ఉత్తరం: ఫలానా రోడ్డు, తూర్పు: ఫలానా గెడ్డ" అని నాలుగు దిక్కులూ రాసి ఉంటుంది, చదివినా ఒక పట్టాన అర్థం కాదు. తుది ప్రకటన వచ్చాక మాత్రం ఆ గీతను కోర్టులో కూడా ప్రశ్నించకూడదని రాజ్యాంగంలోనే ఉంది, 243 జెడ్‌జీ అధికరణం. ఆ కొద్ది రోజుల్లో మనం నోరు విప్పకపోతే ఇంకెక్కడా విప్పలేం. అభ్యంతరం రాయడానికి లాయరు అక్కర్లేదు. తెల్ల కాగితం మీద ఏ వీధి, ఎన్ని గుమ్మాలు, ఎటు కలపాలి, ఎందుకు అని రాసి, సమాఖ్య తీర్మానం జతచేసి, అందినట్టు స్టాంపు వేయించుకుంటే చాలు. "మా సంఘం చీలిపోతుంది" అని రాస్తే అది వాళ్లకు కారణంగా కనబడదు. "ఈ 140 ఇళ్లకూ దారి, కుళాయి, కాలువ ఒకటే" అని రాస్తే కనబడుతుంది.

అందుకే మా ఉపసంఘం ఈ ఏడాది ప్రతి స్లమ్ సమాఖ్యకూ ఒక రిజిస్టరు ఇస్తోంది. అందులో వీధి పేరు, మొదటి గుమ్మం నంబరు, చివరి గుమ్మం నంబరు, ఇప్పుడున్న వార్డు, సచివాలయం, ఓటు వేసే బూత్, మన సభ్యులు ఎంతమంది అన్న గడులున్నాయి. నెలాఖరు మీటింగుకల్లా నింపి తేవాలి. రాయడం రాని చోట పదో తరగతి చదివే పిల్లల చేత రాయించండి, కానీ గుమ్మం గుమ్మానికీ మీరే నడవండి.

వెనక గోడకు 98 వార్డుల మ్యాపు తగిలించాం. భోజనాలయ్యాక ఎవరి వీధి వాళ్లు వెతుక్కుని ఎర్ర పెన్సిల్‌తో చుక్క పెట్టండి. చుక్క గీత మీద పడిన వాళ్లు మాత్రం వెళ్లిపోవద్దు, ఎడమ వైపు బల్ల దగ్గర మీ పేర్లు రాసుకుంటాం.